ఐదో నంబరు గడ్డి

ఆ ఎండాకాలం మా నాన్న ప్లాస్టిక్ గడ్డికి నీళ్ళు పోశాడు. ఒకసారి కాదు, రోజూ. మిట్టమధ్యాహ్నం నెత్తిన తువ్వాలు వేసుకుని, చేతిలో పైపు పట్టుకుని, గులాబీ మొక్కలకి పోసినంత ఓపిగ్గా పోసేవాడు. పెరటి వైపు వీధిలో పోయేవాళ్ళు సైకిలు దిగి మరీ చూసేవారు. మతి చలించిందేమో అని ఎవరైనా అనుకుంటే వాళ్ళ తప్పేం లేదు. కానీ మా నాన్న మతి అంత తేలిగ్గా చలించదు. ఆయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. చలించాలంటే ఆ మతి కూడా ముందు తూకం వేయించుకుని, ముద్ర కొట్టించుకోవాల్సిందే.

కిలో టమాటాలు కొంటే ఇంటికొచ్చి మళ్ళీ తూచేవాడు. తక్కువ తూగితే కోపం. ఎక్కువ తూగితే ఇంకా కోపం. "వాడి కాటా సరిగ్గా లేదన్నమాట" అని రోజంతా మనశ్శాంతి లేకుండా తిరిగేవాడు. మా ముందుగదికి ఫ్యాను ఎంచడానికి ఆయనకి ఒక ఎండాకాలం మొత్తం పట్టింది. తీరా బిగించేసరికి చలికాలం వచ్చింది. అమ్మ దుప్పటి కప్పుకుని దాని కింద కూర్చుని, "గాలి బ్రహ్మాండంగా వస్తోందండీ" అంది. ఆయన ఎంచిన వస్తువుని బాగాలేదని ఆవిడ ఏనాడూ అనలేదు.

ఆ ఏడు ఎండలు మొదలవుతూనే అమ్మకి ఆసుపత్రిలో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. జబ్బు పేరు మా ఇంట్లో ఎవరం అనలేదు. నాన్న "ఆ విషయం" అనేవాడు. నేను "ట్రీట్‌మెంటు" అనేదాన్ని. అమ్మ "నా ఉద్యోగం" అనేది. "రేపు నా ఉద్యోగానికి ఎన్నింటికి బయల్దేరాలి?" అని అడిగి, ముందురోజే చీర తీసి పెట్టుకునేది.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ, ఇంట్లో కుక్కలున్నాయా అని అడిగింది.

"ఉన్నాయి" అన్నాను నేను.

"లేవు" అన్నాడు నాన్న.

అబద్ధం అనుకోకండి. ఆయన లెక్కలో కుక్కలు అమ్మవి, ఇంటివి కావు. పెద్దవాడి పేరు మేనేజరు. వాడు ఏ పనీ చెయ్యడు. మిగతావాళ్ళు చేస్తున్నారో లేదో గదిగదికీ తిరిగి చూసి, మధ్యాహ్నం నిద్ర మాత్రం మానడు. చిన్నది చిల్లర. ఎప్పుడు చూసినా కాళ్ళ మధ్య గలగలమంటూ దొర్లుతుంటుంది. వాటికి తిండి పెట్టేది, స్నానం చేయించేది అమ్మ. తిట్టే బాధ్యత మాత్రం నాన్నది.

"కుక్కలతో నాకు పేచీ లేదు" అంది డాక్టరమ్మ. "వాటి కాళ్ళకి అంటుకొచ్చే మట్టితోనే. మందు వల్ల ఈవిడ ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి పడిపోతుంది. ఆ మట్టి మంచం దాకా రాకూడదు. ఇంకో మాట. నోరు పూస్తుంది, గుక్క మింగాలన్నా మంటగా ఉంటుంది. అయినా నీళ్ళు తాగాలి. రోజుకి మూడు లీటర్లకి తగ్గకూడదు."

మా పెరడంతా మట్టే. మేనేజరు అందులో నాలుగు చోట్ల స్నానాల తొట్టెలంత గోతులు తవ్వి, వంతుల వారీగా పడుకునేవాడు. ఇంటికొచ్చాక అమ్మ మంచం మీద కూర్చుంది. వాడు వచ్చి తల ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"ఎవరికైనా ఇచ్చేయండి వీటిని" అంది అమ్మ, గోడతో చెప్పినట్టు. చెయ్యి మాత్రం వాడి చెవి వదల్లేదు.

నాన్న కాసేపు ఆ చేతిని చూశాడు.

"కుక్కలెక్కడికి పోతాయి, వాటి మొహం. మట్టినే పంపించేద్దాం" అన్నాడు.

ఆయన జీవితంలో తూచకుండా చేసిన నిర్ణయం నాకు తెలిసి అదొక్కటే.

పక్కింటి ప్లీడరుగారు గోడ మీద చేతులు ఆనించి సలహా ఇచ్చాడు. ఫీజు లేకుండా ఆయన ఇచ్చేది అదొక్కటే.

"సిమెంటు పోసేయండి సార్. పీడా పోతుంది."

"మధ్యాహ్నం దాని మీద దోరగా వేగుతాయండీ, రెండూ."

"అయితే టైల్స్."

"మేనేజరుకి నడుం జారుతుంది. వయసైంది."

"మా ఆఫీసు మేనేజరుకి కూడా అంతే. ఆయన్ని చూసి బిల్డింగు మార్చలేదే."

చివరికి ప్లాస్టిక్ గడ్డి అని తేలింది. మట్టి రాదు, జారదు, కడిగితే శుభ్రం. ఒకటే చిక్కు, ఎండకి కాలుతుంది. ఎండకి కాలని రకం ఎంచాలి. ఎంచాలి అన్న మాట వినగానే మా నాన్న ఒంట్లోకి పాత ఉద్యోగం తిరిగొచ్చింది.

షాపాయన అయిదు ముక్కలు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. ఒక్కొక్కటీ గుమ్మం ముందు వేసే పట్టా అంత ఉంది.

"సార్, ఇది చూడండి. దీని మీద పడితే ఎండే సిగ్గుపడి వెనక్కి పోతుంది."

"ఎన్ని డిగ్రీల దగ్గర సిగ్గుపడుతుంది?"

షాపాయన నవ్వాడు. నాన్న నవ్వలేదు. షాపాయన నవ్వు మధ్యలో ఆపేశాడు.

"నాలుగూ మంచి రకాలే సార్. ఈ అయిదోది కొసరుగా తెచ్చాను, స్టేజీల మీద పరిచే సరుకు. ఎండకి పనికిరాదు. లెక్కలోకి తీసుకోకండి."

"ఏది పనికొస్తుందో అమ్మేవాడు చెప్పకూడదు. తనిఖీ చేసేవాడు చెప్పాలి" అన్నాడు నాన్న. షాపాయన పెట్టుకున్న గొప్ప గొప్ప పేర్లన్నీ పక్కన పెట్టి, ముక్కలకి సున్నంతో నంబర్లు వేశాడు. పెరట్లో గోడవారన, ఒకే ఎండ పడేచోట వరసగా పరిచాడు. అయిదో నంబరు అమ్మ గది కిటికీ కింద పడింది. కిటికీకి పైన రేకు లేదు, నీడ రాదు. అది కూడా ఆయన చూసుకున్నాడు.

ఇక పరీక్షలు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం థర్మామీటరు. తర్వాత చేతి వెనక భాగం ఆనించి అంకెలు లెక్కపెట్టడం. తర్వాత వట్టికాళ్ళతో నిలబడటం. నేను కళ్ళజోళ్ళ షాపులో పొద్దుటి డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చేసరికి, పెరట్లో ఒక పెద్దమనిషి లుంగీ ఎగ్గట్టి, పచ్చటి ముక్క మీంచి ముక్క మీదకి కొంగలా అడుగులేస్తుండేవాడు. ఉచ్చ వాసన పట్టుకుంటుందేమో చూడటానికి మేనేజరుని ఒక్కో ముక్క దగ్గరికీ తీసుకెళ్ళి, "కానీ" అనేవాడు. అధికారి ఎదురుగా వాడికి వచ్చేది కాదు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుంటూ ఎండలో నిలబడేవారు.

అమ్మ కిటికీలోంచి చూసి నవ్వేది. నోరు పూసి నవ్వితే నొప్పి. అందుకని పెదాలు కదపకుండా, భుజాలతో నవ్వేది.

నీళ్ళ సంగతీ నాన్నే చూసుకున్నాడు. ఆయన దగ్గర ఉద్యోగం నాటి లీటరు కొలత ఒకటి ఉండేది. ఇత్తడిది, మెడ సన్నంగా, అడుగున ప్రభుత్వ ముద్రతో. దాంతో కొలిచి జగ్గులో పోసి, గంటగంటకీ గ్లాసు నింపి అమ్మకిచ్చేవాడు.

"అక్కడ పెట్టి వెళ్ళండి" అనేది అమ్మ. "మీరు నిలబడి చూస్తుంటే పరీక్ష హాల్లో ఉన్నట్టుంది."

ఆయన బయటికెళ్ళి, కాసేపు ఆగి వచ్చేవాడు. గ్లాసు ఖాళీగా ఉండేది. దాన్ని బోర్లించి, చుక్క రాలకపోతే, "శభాష్" అనేవాడు. రాత్రి అన్నాల దగ్గర నాతో, "మీ అమ్మ మూడు లీటర్లూ పూర్తి చేసింది" అనేవాడు. నా పదో తరగతి మార్కులకి కూడా ఆ గొంతు రాలేదు.

ఇటు ముక్కల పరీక్ష తేలడం లేదు. నాలుగు రకాలు ఇంచుమించు ఒకేలా కాలుతున్నాయి, అయిదోది గంటకో రకంగా ఉంది. ఒక మధ్యాహ్నం నాన్న విసుగొచ్చి తలుపు తీసి కుక్కల్ని వదిలాడు. చిల్లర ఒకటో నంబరు మీద కాలు పెట్టి, తీసి, లోపలికి పరిగెత్తింది. మేనేజరు నిదానంగా వరసంతా వాసన చూసుకుంటూ వెళ్ళి, అయిదో నంబరు దగ్గర ఆగాడు. మూడు చుట్లు తిరిగి దాని మీద పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

నాన్న పరిగెత్తుకెళ్ళి, వాడి చొంగ అనుకుని కాస్త చెమ్మ పక్కకి తుడిచి, చెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఎండ ఎంత కాస్తున్నా అయిదో నంబరు చల్లగా ఉంది, దాని మీద మేనేజరు ఉన్నాడు. ముక్కల స్థానాలు మార్చి చూడాలన్న ఆలోచన ఇన్‌స్పెక్టరుకి రాలేదా అని మీరు అడగొచ్చు. వచ్చింది. లాగబోతే మేనేజరు పళ్ళు చూపించాడు. సాక్షిని బెదిరించకూడదని నాన్న వదిలేశాడు.

"చూశావా అమ్మాయ్" అన్నాడు నాతో. "మనకి మిగతా నాలుగూ అంటగడదామని చూశాడు షాపువాడు. థర్మామీటరు పొరపడొచ్చు. కుక్క పొరపడదు."

తర్వాతి ఉద్యోగానికి అమ్మని తీసుకెళ్ళినప్పుడు డాక్టరమ్మ కాగితాలు చూసి నుదురు చిట్లించింది.

"నీళ్ళు తాగుతున్నారా ఈవిడ?"

"మూడు లీటర్లండీ" అన్నాడు నాన్న.

"సరిగ్గా?"

"ముద్ర వేసిన కొలతండీ."

డాక్టరమ్మ అమ్మని చూసింది. అమ్మ పైన తిరుగుతున్న ఫ్యానుని చూసింది.

"ఒంట్లో నీళ్ళు లేవు. రెండు రోజులు ఇక్కడే ఉంచి సెలైను ఎక్కిద్దాం" అంది డాక్టరమ్మ.

నాన్నకి ఆ రోజంతా లెక్క కుదరలేదు. "మూడు లీటర్లు లోపలికి పోతున్నాయి. మరి ఎక్కడికి పోతున్నాయి" అని ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరిగాడు. జబ్బే తాగేస్తోందని చివరికి తీర్మానించుకున్నాడు. ఆ రెండు రోజుల్లోనే గడ్డి వేయించేద్దామన్నాడు, అమ్మ ఇంటికొచ్చేసరికి పెరడు సిద్ధంగా ఉండాలని.

షాపాయన ఫోనులో బతిమాలాడు. "వద్దు సార్, అది స్టేజీ సరుకు. నా పేరు పోతుంది." నాన్న ఫోను పెట్టేశాడు. మనుషులొచ్చి గోతులు పూడ్చి, ఇసక పరిచి, పైన పచ్చగా పరిచేశారు. పెరడు సబ్బు ప్రకటనలో ఇంటి ముంగిలిలా తయారైంది. ప్లీడరుగారు గోడ దగ్గరికొచ్చి, "మీరుండేది అద్దెకా, సొంతమా?" అని కొత్తగా అడిగాడు.

మొదటి మధ్యాహ్నం నాన్న తలుపు తీశాడు. కుక్కలు రెండూ బయటికొచ్చాయి. ఒక్క అడుగు, రెండో అడుగు, మూడోదానికి రెండూ గాల్లోకి లేచి, కాళ్ళు మార్చి మార్చి ఎగురుతూ లోపలికొచ్చి పడ్డాయి. నాన్న వెళ్ళి చెయ్యి ఆనించాడు. వెంటనే తీసేశాడు. కిటికీ కిందకి వెళ్ళి ఆనించాడు. అక్కడా కాలింది.

"అదే సరుకు. అదే చోటు" అన్నాడు. థర్మామీటరు దులిపి మళ్ళీ పెట్టాడు. మేనేజరు గడప మీద నిలబడి, మూసి ఉన్న కిటికీ వైపు చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున అమ్మని ఇంటికి తీసుకొచ్చాం. గ్లాసు యథాప్రకారం మొదలైంది. మధ్యాహ్నం నాన్న మళ్ళీ పరీక్షకి బయల్దేరాడు. నీళ్ళ తొట్టి వెనక, పక్కగోడ మూలలో, మొదటి రోజు వేసిన చోట ఎక్కడైనా తేడా ఉందేమోనని గొంతుక్కూర్చున్నాడు. నన్ను గొడుగు పట్టమన్నాడు. గడ్డికి నీడ పడకుండా ఆయనకి మాత్రమే నీడ పడేలా పట్టాలి. నేను ఆ విద్య అభ్యసిస్తూ ఉండగా కిటికీ రెక్క తెరుచుకుంది.

చువ్వల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. ఆ చెయ్యి ఎంత సన్నబడిందో నేను లోపల గమనించలేదు. మోచేయి దాకా చువ్వల మధ్య దూరిపోయింది. చేతిలో గ్లాసు ఉంది. గ్లాసు ఒంగింది. నీళ్ళు చప్పుడు కాకుండా, సన్నగా, గోడవారనే పడ్డాయి.

"రా నాన్నా, రా" అంది అమ్మ గొంతు, లోపల్నుంచి. "ఆయనొచ్చే లోపల ఆరిపోవాలి. పడుకో. నా వంతు కూడా నువ్వే చల్లబడు."

మేనేజరు గడప దిగి, అంచు వెంట గబగబా నడిచి, తడిసినచోట మూడు చుట్లు తిరిగి పడుకున్నాడు. చెయ్యి లోపలికి వెళ్ళిపోయింది.

 నాన్న చేతిలో థర్మామీటరు అలాగే ఉంది. నాకు గొడుగు ఎటు పట్టాలో తెలియలేదు. చాలాసేపటికి ఆయన మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని లేచి, గుమ్మం దగ్గర చెప్పులు రెండుసార్లు గట్టిగా విదిలించి, పెద్దగా దగ్గి, అప్పుడు లోపలికెళ్ళాడు.

"తాగావా?" అన్నాడు.

"తాగాను" అంది అమ్మ.

నాన్న గ్లాసు తీసుకుని బోర్లించాడు.

"శభాష్" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన ఒక్కడే డాక్టరమ్మ దగ్గరికెళ్ళొచ్చాడు. చెప్పులు విప్పుతూ, "ఇంటికే నర్సుని పంపుతారంట, సెలైను ఎక్కించడానికి" అన్నాడు. విప్పిన చెప్పుల్ని పక్కకి సర్ది, మళ్ళీ సర్ది, "తాగడానికి మాత్రం, ఎంత తాగగలిగితే అంత. ఇంక కొలత అక్కర్లేదంట" అన్నాడు.

ఇత్తడి కొలత తీసుకెళ్ళి వంటింటి అటక మీద పెట్టేశాడు. మర్నాటి నుంచి గ్లాసు సగమే నింపేవాడు.   గదిలోకి వెళ్ళే ముందు వసారా చివరి నుంచే దగ్గు మొదలుపెట్టేవాడు. ఆ ఎండాకాలం మా నాన్నకి అంత దగ్గు ఎందుకొచ్చిందో అమ్మకి మాత్రం అర్థమయ్యేది కాదు. "ఒకసారి మీరూ చూపించుకోండి" అనేది.

పైపు పెట్టి పెరడంతా తడపడం అప్పుడే మొదలైంది. కిటికీ కింద ఒక్కచోటే చల్లగా ఉంటే అమ్మకి అనుమానం వస్తుందని కాబోలు, మొత్తం తడిపేవాడు. గడప నుంచి గేటు దాకా.

"ఏం సార్" అన్నాడు ప్లీడరుగారు గోడ మీంచి. "ప్లాస్టిక్ గడ్డికి నీళ్ళా? పెరుగుతుందా అది?"

"పెరగకుండా చూస్తున్నానండీ" అన్నాడు నాన్న.

ప్లీడరుగారికి దానికి తగిన సెక్షను దొరకలేదు. లోపలికి వెళ్ళిపోయాడు.

ఒక సాయంత్రం అమ్మ బయట కూర్చుంటానంది. నాన్న కుర్చీ వేసి, ఎత్తినట్టే తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. తడిపిన గడ్డి మీద ఆవిడ రెండు పాదాలూ పెట్టింది. వేళ్ళు కదిపి చూసుకుంది. చిల్లర ఆ వేళ్ళని నాకింది. మేనేజరు వచ్చి ఆవిడ చేతి కింద చెవి పెట్టాడు. మట్టి లేదు కాబట్టి నాన్న ఏమీ అనలేదు.

"మెత్తగా ఉంది. చల్లగా ఉంది" అంది అమ్మ. "ఎంచింది ఎవరు?"

"మేనేజరు."

"వాడికేం తెలుసు, పాపం." భుజాలు ఒకసారి కదిలాయి. తర్వాత ఆవిడ పాదాల వంకే చూస్తూ కూర్చుంది. "ఏవండీ. ఆ అయిదో నంబరు సంగతి..."

"మంచి రకం" అన్నాడు నాన్న. "నేను పరీక్ష చేశానుగా."

"అది కాదండీ, నేను..."

"అన్నివిధాలా చూసే ఎంచాను. దీన్ని మించింది లేదు" అన్నాడు నాన్న, ఒంగి ఆవిడ పాదం కింద నలిగిన చీర అంచు సర్దుతూ. సర్దడం అయిపోయినా లేవలేదు.

అమ్మ ఆయన నెత్తి మీద చెయ్యి వేసింది. ఇందాకటి దాకా మేనేజరు చెవి మీద ఉన్న చెయ్యే అది.

"గాలి బ్రహ్మాండంగా వస్తోంది" అంది.

ఆకు కదలడం లేదు.

వానలు పడకముందే అమ్మ ఉద్యోగం అయిపోయింది.

పరామర్శకి వచ్చినవాళ్ళు వచ్చి వెళ్ళారు. పెరడు చూసి, "నిజం గడ్డిలాగే ఉందే" అని, అలా అన్నందుకు తామే నొచ్చుకున్నారు. షాపాయన కూడా వచ్చి కాసేపు కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ, "సార్, మీరు ఊ అంటే ఇది తీసేసి ఒకటో నంబరు వేయించేస్తాను. నేనే వేయిస్తాను. ఇది కాలుతుంది సార్" అన్నాడు.

"ఉండనీ" అన్నాడు నాన్న. "అలవాటైంది."

నేను డ్యూటీలోకి తిరిగి వెళ్ళిన మొదటి రోజు, మధ్యాహ్నం ఇంటికొచ్చాను. ఎండ తగ్గలేదు. పైపు చుట్ట చుట్టి గోడకి తగిలించి ఉంది, పెరడు పొడిగా ఉంది. మేనేజరు కిటికీ కింద నిలబడి ఉన్నాడు. ముందు కాలు ఎత్తి, దించి, రెండోది ఎత్తి, దించి, తల మాత్రం దించకుండా పైకి చూస్తున్నాడు. పిలిచాను, రాలేదు. ఎత్తుకుందామని వెళ్తే మూలిగాడు.

కిటికీలో నాన్న కనిపించాడు. అమ్మ మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో గ్లాసు ఉంది, అంచు దాకా నిండుగా. చువ్వల మధ్య చెయ్యి పెట్టాడు. మణికట్టు దగ్గరే ఆగిపోయింది. తిప్పి చూశాడు. ఇంకో సందులో పెట్టి చూశాడు. అమ్మ చెయ్యి మోచేయి దాకా దూరిన సందులో ఆయన చెయ్యి దూరలేదు.

బయటికొచ్చి పోయొచ్చు. పైపు ఉంది. 

ఆయన గ్లాసుని చువ్వలకి ఆనించి, లోపల్నుంచే ఒంచాడు. సగం నీళ్ళు కిటికీ గట్టు మీద, పరుపు అంచు మీద పడ్డాయి. మిగతా సగం గోడవారనే కిందకి జారింది. మేనేజరు తడి వాసన చూశాడు. ఒకసారి కిటికీ వైపు చూశాడు. మూడు చుట్లు తిరిగి, ఆ చిన్న తడి మీద ఎంతవరకు పట్టగలడో అంతవరకు ముడుచుకుని పడుకున్నాడు.

నాన్న గ్లాసు బోర్లించి చూశాడు. చుక్క రాల్లేదు.

"శభాష్" అన్నాడు, మంచం వైపు తిరిగి.